తాళం పడ్డ ఇరుసు

లారీ వెనకాల వెళ్తున్నప్పుడు దాని వెనక ఇరుసు మధ్యలో ఉబ్బుగా, నూనె మరకలు కట్టి ఒక ఇనప డిప్ప కనిపిస్తుంది. మెకానిక్కులు దాన్ని హౌసింగ్ అంటారు. అందులో క్రౌన్ వీలు, క్రౌన్ వీలుకి బిగించి ఒక చిన్న పెట్టె, ఆ పెట్టెలో సన్ గేర్లు, స్టార్ గేర్లు ఉంటాయి. డిఫరెన్షియల్ అంటే ఇదే. వెనక చక్రాలతో నడిచే కార్లలోనూ ఇదే ఏర్పాటు, కాకపోతే చిన్నది. మామూలుగా రెండు సన్ గేర్లు, రెండు స్టార్ గేర్లు.

జపాన్‌లో, అమెరికాలో, ఐర్లండ్‌లో కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు కొందరు ఈ పెట్టెను బయటికి తీసి, నాలుగు గేర్లనూ కలిపి వెల్డింగు చేసేసి మళ్ళీ బిగిస్తారు. ఆ తర్వాత వెనక చక్రాలు రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. ఆదివారం ఆ కారును ట్రాకు మీద అడ్డంగా జారిస్తారు. సోమవారం అదే కారులో ఉద్యోగానికి వెళ్తారు. మొదటి పనికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. రెండో పనికి ఇంతకంటే తెలివితక్కువ ఏర్పాటు లేదని నా అభిప్రాయం. ఈ రెండు మాటలూ ఒకే గేర్ల పెట్టె గురించి ఎలా చెల్లుతాయో చూడాలంటే చేతికి కాస్త గ్రీజు అంటుకోక తప్పదు.

ఒక మలుపు, ఒక అదనపు చుట్టు

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి, లోపలిది తక్కువ. ఇది అందరికీ తెలిసిందే. ఎంత తేడా అన్నది లెక్క కడితేనే అసలు సంగతి బోధపడుతుంది. 1980ల నాటి టయోటా కరోలా లెవిన్‌ను తీసుకుందాం. ఈ కథకి నాయకి ఆ కారే. దాని వెనక చక్రాల మధ్య ఎడం సుమారు 1.35 మీటర్లు. అది గుండ్రంగా ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కువ నడుస్తుంది. చుట్టు పెద్దదా చిన్నదా అన్నదాంతో పని లేదు. వీధి మొగలో తిప్పినా, రన్‌వే మీద తీరిగ్గా తిప్పినా తేడా అంతే. ఆ తేడా చక్రాల మధ్య ఎడం మీదే ఆధారపడుతుంది, దారి వ్యాసం మీద కాదు. లంబకోణపు సందు మలుపుకి అందులో నాలుగో వంతు, అంటే రెండు మీటర్ల పైచిలుకు. ఆ కారు టైరు ఒకసారి దొర్లితే సుమారు 1.8 మీటర్లు వెళ్తుంది. అంటే సందు మలుపు తిరిగిన ప్రతిసారీ బయటి చక్రం ఒక చుట్టు పైగా అదనంగా తిరగాలన్నమాట.

రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే ఆ చుట్టు తిరిగే వీలుండదు. ఆ రెండు మీటర్లనూ టైరు రబ్బరు తారు మీద ఈడ్చుకుంటూ పూడ్చుకోవాలి.

మన ఎడ్లబండికి ఈ బాధ లేదు. ఇరుసు కదలదు, చక్రాలు వేటికవే దాని మీద తిరుగుతాయి, లాగే పని ఎద్దులది. చక్రమే బండిని తోయాల్సి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. సైకిల్ రిక్షాలో దీన్ని తేలిగ్గా దాటేశారు: చాలా రిక్షాల్లో చైను బలం వెనక రెండు చక్రాల్లో ఒకదానికే అందుతుంది, రెండోది ఊరికే దొర్లుతుంది. రైలు చక్రాలైతే ఇరుసుతో పాటే తిరుగుతాయి. వాటి అంచు ఒకవైపు కొంచెం లావుగా, ఇంకోవైపు కొంచెం సన్నగా చెక్కి ఉంటుంది కాబట్టి వంపులో బయటి చక్రం లావు భాగం మీద, లోపలిది సన్న భాగం మీద దొర్లి సర్దుకుంటాయి. వంపు మరీ ఇరుకైతే ఆ సర్దుబాటు చాలదు. అప్పుడే పట్టాల మీంచి ఆ కీచు అరుపు.

రోడ్డు బండికి గేర్లతో జవాబు చెప్పింది ఫ్రాన్సుకి చెందిన ఒనెసిఫోర్ పెక్యూర్. వృత్తికి గడియారాల పనివాడు. 1820ల చివర్లో ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కి పేటెంటు తీసుకున్నాడు. 1877లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ దాన్నే పెడళ్ళతో తొక్కే బండికి అమర్చాడు. మోటారు కార్లు వచ్చేసరికి పరిష్కారం సిద్ధంగా ఉంది.

అయినా దాన్ని వద్దనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండులోనే ఫ్రేజర్ నాష్ కంపెనీ 1920ల్లో, 30ల్లో చైన్లతో నడిచే స్పోర్ట్స్ కార్లు అమ్మింది. వాటిలో డిఫరెన్షియలే లేదు. వెనక ఇరుసు ఒకే కడ్డీ. పోటీలకి వాడినవాళ్ళు వాడారు గానీ, అవి రోడ్డు మీద తిరగడానికి తయారైన బళ్ళే. వెనక చక్రాల మధ్య ఎడం తగ్గించి తంటా తగ్గించుకున్నారు. పైన వేసిన లెక్కే మరి. అప్పటి టైర్లు సన్నవి, పట్టు తక్కువ, కాబట్టి జారినా పెద్దగా గొడవ చేసేవి కావు. మలుపులో తోక విసరడానికి ఆ కార్లు పెట్టింది పేరు. జపాన్ కుర్రాళ్ళు యాభై ఏళ్ళ తర్వాత వెల్డింగుతో చేసిన పని, ఒక రకంగా, డిఫరెన్షియల్ ఉన్న కారును ఫ్రేజర్ నాష్‌గా మార్చడమే.

సగం సగం చేటు

డిఫరెన్షియల్‌కి ఒక మొండి గుణం ఉంది. చక్రాల వేగం ఎలా తేడాగా ఉన్నా సహిస్తుంది. బలం మాత్రం రెండు వైపులా సమానంగానే పంచుతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒక చక్రం బురదలో దిగబడిందనుకోండి. దాన్ని గిర్రున తిప్పడానికి కొద్దిపాటి బలం చాలు, అంతకు మించి అది తీసుకోదు. గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది, పిసరంత. బురదలోది తిరుగుతూనే ఉంటుంది, గట్టి నేల మీదిది కదలదు, బండి ఉన్నచోటే ఉంటుంది.

గోదావరి డెల్టాలో దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవరుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. మడమ దగ్గర చిన్న పెడల్ ఉంటుంది, డిఫరెన్షియల్ లాక్. చక్రం దిగబడగానే దాన్ని తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరిగి ట్రాక్టరు పైకి వస్తుంది. కాలు తీస్తే స్ప్రింగు దాన్ని వదిలించేస్తుంది. గట్టు దగ్గర తిప్పేటప్పుడు లాక్ వేసి ఉంచకూడదన్నది ట్రాక్టరు ఎక్కిన మొదటి రోజే నేర్పే పాఠం. పైగా ట్రాక్టరుకి ఎడమ చక్రానికో బ్రేకు, కుడి చక్రానికో బ్రేకు విడివిడిగా ఉంటాయి. లోపలి చక్రం బ్రేకు తొక్కితే డిఫరెన్షియల్ మిగతా తిరుగుడంతా బయటి చక్రానికి పంపి ట్రాక్టరును అక్కడికక్కడే తిప్పేస్తుంది. లాక్ పడి ఉంటే ఈ విద్య పనిచేయదు. ఈ చిన్న పెడల్‌లో ఉన్న వివేకం వెల్డింగు చేసిన డిఫరెన్షియల్‌లో ఉండదు. అక్కడ పెడల్ ఎప్పటికీ తొక్కే ఉంటుంది, కాలు తీసే దారి లేదు.

వేగంగా మలుపు తిరిగే కారుకీ బురద లాంటి గతే పడుతుంది, పొడి రోడ్డు మీద కూడా. కారు బరువు బయటి చక్రం మీదికి ఒరుగుతుంది. లోపలి చక్రం తేలికవుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే తేలికైన లోపలి చక్రం పొగలు కక్కుతూ ఉత్తినే తిరుగుతుంది, బరువు మోస్తున్న బయటి చక్రానికి కూడా ఆ కాస్త బలమే అందుతుంది. ఇంజను అరుస్తుంది, కారు ముందుకి పోదు, తోకా జారదు. మామూలు డ్రైవరుకి ఇదే క్షేమం. కారును కావాలని జారించాలనుకున్నవాడికి ఇదే అడ్డంకి.

కొండదారి కుర్రాళ్ళు

డ్రిఫ్టింగ్ అంటే వెనక చక్రాల పట్టు కావాలని వదిలించి, ముందు చక్రాలను మలుపుకి ఎదురు దిశలో తిప్పి పట్టుకుని, యాక్సిలరేటర్‌తో ఆ జారుడును నిలబెట్టడం. జపాన్‌లో 1970ల్లో రేసర్ కునిమిత్సు తకహషి ట్రాకు మీద మలుపుల్లో కారును జారిస్తూ తీసుకెళ్ళేవాడు. ఆయన్ని చూసి, నగానో ప్రాంతపు కుర్రాడు కెయిచీ త్సుచియా ఆ పనిని కొండదారులకు తెచ్చాడు. 1987లో 'ప్లస్పీ' పేరుతో వచ్చిన వీడియోలో అతను కొండ మలుపుల్లో నడిపిన తీరు చూసి దేశమంతా కుర్రాళ్ళు వెర్రెత్తిపోయారు. 'డ్రిఫ్ట్ కింగ్' అన్న బిరుదు అతనికి అలా స్థిరపడింది. 2006 నాటి 'టోక్యో డ్రిఫ్ట్' సినిమాలో గాలం వేస్తూ కాసేపు కనిపించే చేపల పెద్దమనిషి అతనే.

త్సుచియా చేతిలోని కారు టయోటా ఏఈ86. 1983 నుంచి 1987 దాకా కరోలా లెవిన్, స్ప్రింటర్ ట్రూయెనో అన్న రెండు పేర్లతో వచ్చింది. ఆ తరంలో మామూలు కరోలాలన్నీ ముందు చక్రాలతో నడిచే పద్ధతికి మారిపోయాయి. ఈ కూపేలు మాత్రం పాత పద్ధతిలో, వెనక చక్రాల తోపుతోనే మిగిలాయి. 1.6 లీటర్ల పదహారు వాల్వుల ఇంజను, టన్నుకి తక్కువ బరువు. కాగితం మీద 130 హార్స్‌పవర్. 1995లో షుయిచి షిగెనో మొదలుపెట్టిన 'ఇనీషియల్ డి' అనే బొమ్మల కథలో తోఫు అమ్మే ఇంటి కుర్రాడు నడిపేది ట్రూయెనోనే. ఆ కథ వచ్చాక ఈ కారు ధర ఎటు పోయిందో చెప్పక్కర్లేదు గానీ, దానికి ముందు ఇది విద్యార్థులు పార్ట్‌టైం పని డబ్బుతో కొనుక్కోగలిగిన పాత కారు.

కారు కొన్నాక చేతిలో ఏమీ మిగలదు. డ్రిఫ్టింగ్‌కి సరైన పరికరం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. దాని ఖరీదు పాత కారు ఖరీదులో మంచి భాగమే. స్నేహితుడి షెడ్డులో వెల్డింగు మిషను మాత్రం ఉంది. అమెరికాలోనూ ఇదే కథ. అక్కడ దీనికి 'లింకన్ లాకర్' అని ముద్దుపేరు, లింకన్ అన్నది వెల్డింగు మిషన్ల కంపెనీ. ఐర్లండ్‌లో, ఇంగ్లండులో పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్ కార్ల డిఫరెన్షియల్స్ ఇలా ఎన్ని వెల్డింగు అయ్యాయో లెక్కే లేదు.

పేదవాడి ఉపాయం అని దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో వీ8 సూపర్‌కార్లు కోట్ల ఖరీదైన రేసు బళ్ళు. వాటిలో కూడా ఏళ్ళ తరబడి స్పూల్ వాడారు. గేర్లే లేకుండా రెండు షాఫ్టుల్నీ కలిపే దిమ్మ అది. తిన్నగా దూసుకుపోయే డ్రాగ్ రేసు కార్లలోనూ అదే. గో కార్టుకైతే వెనక ఇరుసు మొత్తం ఒకే కడ్డీ. దాని స్టీరింగు తిప్పినప్పుడు లోపలి వెనక చక్రం నేల మీంచి కొంచెం లేచేలా ముందు చక్రాల కోణాలు పెట్టి ఉంటాయి. లేచిన చక్రం దేన్నీ ఈడ్చదు. బండి మొత్తాన్నీ ఆ పనికి తగ్గట్టు తయారుచేస్తే లాక్ అయిన ఇరుసు చక్కగా నడుస్తుంది. కరోలాను తయారుచేసినవాళ్ళు అలా తయారుచేయలేదు.

బల్ల మీద పెట్టె

పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఏఈ86లో ఒక సుఖం ఉంది. వెనక ఇరుసు విప్పకుండానే గేర్ల భాగం మొత్తం ముందువైపు నుంచి ఊడి వస్తుంది. ముందు గేరాయిలు దించాలి. చక్రాలు, బ్రేకులు తీసి యాక్సిల్ షాఫ్టులను రెండు వైపులా బయటికి లాగాలి. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పితే గేర్ల పెట్టె చేతికి వస్తుంది, బరువుగా, జిడ్డుగా. బేరింగు క్యాపులు ఏది ఎటుదో గుర్తు పెట్టుకోకపోతే తర్వాత ఏడవాలి. తారుమారైతే బేరింగు సరిగా కూర్చోదు.

ఆ తర్వాత శుభ్రం చేయడం. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఏళ్ళ తరబడి గేరాయిలు తాగిన ఇనుము అది. పళ్ళ సందుల్లో ఒక చుక్క మిగిలినా వెల్డింగులో బుడగలు కడుతుంది, అతుకు అతుకు కాకుండా పోతుంది. వెల్డింగు మిషను ఎర్తు క్లాంపు ఆ పెట్టెకే పెట్టాలి. ఇరుసుకో, ఇంకెక్కడో పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి బంతుల మీద, రోలర్ల మీద కంటికి కనపడని గుంటలు పొడుస్తుంది. నెల తర్వాత వెనక నుంచి హోరుమని శబ్దం మొదలైతే కారణం వెతుక్కుంటూ కూర్చోవాలి.

అసలు కష్టం లోహంతో. ఈ గేర్ల పైపొర అరగకుండా ఉండటానికి దాన్ని కార్బనుతో గట్టిపరుస్తారు. అంత గట్టి పొరని వెల్డింగు వేడి తాకి వెంటనే చల్లారితే అది పెళుసెక్కి పగులుతుంది. అందుకే తెలిసినవాళ్ళు ముందే గేర్లను వేడి చేస్తారు, ఒకచోటే గుప్పించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం వెల్డు వేస్తారు, అయ్యాక బూడిదలోనో పొడి ఇసకలోనో కప్పెట్టి మెల్లగా చల్లారనిస్తారు. వేడికి పెట్టె వంకర పోతే క్రౌన్ వీలు కూడా వంకరగా తిరుగుతుంది, కాబట్టి బిగించే ముందు డయల్ గేజి పెట్టి చూడాలి. క్రౌనుకీ, దాన్ని తిప్పే పినియను గేరుకీ మధ్య ఉండాల్సిన ప్లే కూడా సరిచూసుకోవాలి. స్లాగు, చిట్లి పడ్డ లోహపు గింజలు గీకి గీకి తీయాలి. బిగించాక కొన్నాళ్ళకే ఆయిలు మళ్ళీ మార్చాలి, దించిన ఆయిలులో మెరుపు చూసి మిగతా కథ తెలుసుకోవాలి.

ఇవేవీ చేయకుండా ఒక మధ్యాహ్నంలో ముగించేసినవాళ్ళ అతుకులు కూడా ఏళ్ళు నిలిచాయి. నిలవనివీ ఉన్నాయి. అతుకు ఊడితే డిఫరెన్షియల్ మళ్ళీ మామూలుదైపోయిందని నవ్వుకుని ఊరుకోవచ్చు, అదృష్టం బాగుంటే. ఊడిన ముక్క క్రౌనుకీ పినియనుకీ మధ్య పడితే పళ్ళు విరగొచ్చు, వేగంలో ఇరుసే పట్టేయవచ్చు. వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోయిన కారును అదుపు చేయడం డ్రిఫ్ట్ కింగ్ వల్ల కూడా కాని పని.

సోమవారం ఉదయం

ట్రాకు మీద ఫలితం వెంటనే తెలుస్తుంది. రెండు చక్రాలూ ఒకేసారి పట్టు వదులుతాయి, ఒకేలా పొగ వేస్తాయి. తోక జారడం మొదలయ్యాక ఎంత కోణంలో ఉండాలన్నది యాక్సిలరేటర్ మీద కాలు చెబుతుంది. 130 హార్స్‌పవర్ కారు కూడా పెద్ద బండిలా ప్రవర్తిస్తుంది. అందులో ఉన్న ఆనందాన్ని నేను కాదనను.

అదే కారు అపార్టుమెంటు కింద పార్కింగులో చూడండి. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా రివర్సు తీస్తే, మనం లెక్క వేసిన ఆ అదనపు చుట్టు బయటపడుతుంది. టైరు కాసేపు నేలను పట్టుకుంటుంది, యాక్సిల్ షాఫ్టు స్ప్రింగులా మెలి తిరుగుతుంది, ఇక తట్టుకోలేక టైరు ఎగిరి జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. కిర్రుమంటూ, గంతులేస్తూ కారు తిరుగుతుంది. రంగు వేసిన నున్నటి ఫ్లోరైతే ఆ అరుపు మూడు అంతస్తులకి వినిపిస్తుంది. యూటర్ను ఒక ఊపులో తిరగదు, ఎందుకంటే లాక్ అయిన ఇరుసు ఎప్పుడూ కారును తిన్నగా తోయాలనే చూస్తుంది. లోపలి చక్రం ఉండాల్సిన దానికంటే వేగంగా తిరిగి ముందుకి నెడుతుంది, బయటిది నెమ్మదిగా తిరిగి వెనక్కి పట్టుకుంటుంది. రెండూ కలిసి మలుపుకి ఎదురు తిప్పుతాయి. ముందు టైర్లు ఆ పోరు గెలవాలి.

'అలవాటైపోతుంది, మలుపులో క్లచ్చు తొక్కు' అని సలహా ఇస్తుంటారు. క్లచ్చు తొక్కితే ఇంజను బలం ఆగుతుంది గానీ చక్రాల మధ్య ముడి విడిపోదు. టైరు రాసుకోవడం అలాగే ఉంటుంది.

రెండు టైర్లలో గాలి తేడా ఉంటే, ఒకటి అరిగి ఇంకోటి కొత్తదైతే, తిన్నని హైవే మీద కూడా ఆ పోరు ఆగదు. పంక్చరై చిన్న స్టెప్నీ వేసుకుని వంద కిలోమీటర్లు వెళ్దామనుకుంటే కుదరదు. టైర్లు ఎంత మంచివి కొంటే షాఫ్టుల మీద అంత భారం, ఎందుకంటే పట్టు పెరిగే కొద్దీ జారే ముందు మెలి ఎక్కువవుతుంది. పైగా అంతకుముందు ఎప్పుడూ సగానికి మించి బలం మోయని షాఫ్టు మీద ఇప్పుడు ఇంజను బలం దాదాపు మొత్తం పడే సందర్భాలు వస్తాయి, ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడల్లా. షాఫ్టు విరగడం ఈ కార్లవాళ్ళకి కొత్త విషయం కాదు. కొన్ని అమెరికన్ కార్లలో షాఫ్టును లోపలి చివర చిన్న క్లిప్పు మాత్రమే పట్టుకుని ఉంటుంది. అలాంటిది విరిగితే చక్రంతో సహా బయటికి జారి వచ్చేస్తుంది.

ఇవన్నీ డబ్బుతో సరిపెట్టుకోగల నష్టాలు. వాన సంగతి వేరు.

తడి రోడ్డు మీద రౌండబౌట్ తిరుగుతూ మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారులో కాలు కాస్త ఎక్కువ నొక్కితే లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతుంది. తిరిగే టైరుకి పక్కకి పట్టు ఉండదు. బయటి టైరు మాత్రం అలా గిర్రున తిరగకుండా దొర్లుతూ తోకను పట్టుకుని ఉంటుంది. పైన మనం తిట్టుకున్న ఆ 'చేతకానితనమే' ఇక్కడ కారును నిలబెడుతోంది. లాక్ అయిన ఇరుసులో రెండు టైర్లూ ఒకేసారి జారతాయి, తోకను పట్టుకునేవాళ్ళు ఉండరు, ఎదురుగా స్కూలు బస్సు ఉన్నా సరే. డ్రిఫ్టింగ్‌కి కావలసిన గుణం, వాన రోజున ప్రమాదమయ్యే గుణం వేరువేరు కావు. ట్రాకు మీద అది మనం అడిగినప్పుడు వస్తుంది, రోడ్డు మీద అడక్కుండా వస్తుంది.

కొత్త కార్లయితే ఇంకో చిక్కు. ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ లాంటివి ఒక్కో చక్రం వేగాన్ని విడిగా చదివి, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి కారును సరిదిద్దుతాయి. వెనక రెండూ ఒకే ముక్కగా తిరుగుతుంటే ఆ లెక్కలన్నీ తప్పుతాయి. ఒక చక్రానికి వేసిన బ్రేకు రెండో చక్రానికీ పడుతుంది.

మధ్య దారులు

లాక్‌కీ మామూలుదానికీ మధ్య ఏదైనా కావాలని రేసింగు ప్రపంచం ఎప్పుడో అడిగింది. 1930ల్లో ఆటో యూనియన్ గ్రాండ్ ప్రి కార్లలో బలం ఎక్కువై లోపలి చక్రం ఉత్తినే తిరుగుతుంటే ఫెర్డినాండ్ పోర్షే జడ్‌ఎఫ్ కంపెనీ చేత లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ చేయించాడు. 1950ల చివరికి అది అమెరికన్ రోడ్డు కార్లలోకి వచ్చింది. డ్రిఫ్టింగువాళ్ళు ఇష్టపడే రకంలో సన్ గేర్ల వెనక క్లచ్చు ప్లేట్ల కట్ట ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు లోపలి పిన్ను ఏటవాలు గాడిని ఎక్కుతూ ప్లేట్లను నొక్కి చక్రాలను ముడేస్తుంది, కాలు తీస్తే వదిలేస్తుంది. కాలు తీసినా ముడి ఉండేలా గాడిని రెండు వైపులా చెక్కితే అది టూవే. డ్రిఫ్టింగ్‌కి అదే ప్రీతి. పార్కింగులో ఇదీ టకటకలాడుతుంది, ప్లేట్లు అరుగుతాయి, ప్రత్యేకమైన ఆయిలు తాగుతుంది. కానీ మలుపులో కొంచెం తలవంచుతుంది. రోజూ నడిపే కారుకి పెట్టదగినది ఇదొక్కటే. కొనలేనివాడు కొనేదాకా మామూలు డిఫరెన్షియల్‌తో ట్రాకు మీద నేర్చుకుంటే కొంప మునగదు. చేతులూ కాళ్ళూ ముందు నేర్చుకోవలసింది చాలా ఉంటుంది.

మన రోడ్ల మీద తిరిగే లాక్ వేరే రకం. మహీంద్రా థార్‌లో, వెనక చక్రాలతో మాత్రమే నడిచే బొలెరో నియో పై వేరియంట్‌లో కంపెనీయే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ పెట్టింది. ఈటన్ తయారుచేసే ఈ రకంలో చిన్న బరువుల గవర్నరు ఉంటుంది. రెండు చక్రాల వేగం మధ్య తేడా నిమిషానికి వంద చుట్లు దాటితే, అంటే ఒకటి బురదలో గిర్రుమంటుంటే, అది తగులుకుని ఇరుసును ముడేస్తుంది. మలుపుల్లో వచ్చే తేడా అంతకి చాలా తక్కువ కాబట్టి జోలికి రాదు. బండి వేగం అందుకున్నాక అసలు తగులుకోదు. ట్రాక్టరు డ్రైవరు మడమతో చేసే పనిని ఈ గవర్నరు తనంతట తాను చేస్తుంది.

మన దగ్గర పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, మారుతీ ఓమ్ని అన్నీ వెనక చక్రాల బళ్ళే. వీటిలో దేన్నైనా వెల్డింగు షాపుకి తీసుకెళ్దామని చేతులు దురదపెట్టే కుర్రాళ్ళు చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ తయారీ వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇక ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు సర్వేయరు ఇరుసు విప్పించి చూడడనే భరోసా ఎవరూ ఇవ్వలేరు.

అమెరికాలో చదువుకో ఉద్యోగానికో వెళ్ళి మోజుపడి పాత మస్టాంగో, మియాటానో, బీఎండబ్ల్యూనో కొనే మనవాళ్ళకి ఒక మాట. ముందటి యజమాని వెల్డింగు సంగతి చెప్పకపోవచ్చు. వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేపించి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒకదాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే మామూలు డిఫరెన్షియల్. అదే దిశలో తిరిగితే రెండోదాన్ని ఒకరిని గట్టిగా పట్టుకోమని మళ్ళీ బలంగా తిప్పండి. కష్టంగానైనా జారితే లిమిటెడ్ స్లిప్. అస్సలు కదలకపోతే ధర మాట్లాడటం మళ్ళీ మొదలుపెట్టండి, లేదా వచ్చిన దారినే వెళ్ళిపోండి. జాకీ లేకపోతే ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి నడక వేగంతో ఒక చుట్టు కొట్టించినా చాలు, టైర్లే చెబుతాయి.

జపాన్‌లో ఇప్పుడు కొండదారుల్లో జారే బళ్ళను ఆపడానికి చాలాచోట్ల మలుపుల మధ్య గట్టి గుబ్బలు, మిట్టలు పోశారు. పట్టుదల ఉన్నవాళ్ళు ఫుకుషిమా ప్రాంతంలోని ఎబిసు సర్క్యూట్ లాంటి చోట్లకి వెళ్తారు. కొండ వాలులో రకరకాల ట్రాకులు, ఏడాదికి కొన్నిసార్లు పగలూ రాత్రీ సాగే డ్రిఫ్ట్ జాతరలు. అక్కడికి వచ్చే కార్లలో చాలావాటికి నంబరు ప్లేటు ఉండదు, ట్రక్కుల మీద వస్తాయి. సొంత చక్రాల మీదే వచ్చి పోయే ఏఈ86 వాళ్ళలో తెలివైనవాళ్ళు రెండు గేర్ల పెట్టెలు ఉంచుకుంటారు, వెల్డింగు చేసింది ఒకటి, మామూలుది ఒకటి. హౌసింగ్ ముందువైపు నుంచి ఊడి వచ్చే ఆ పాత ఏర్పాటు పుణ్యమా అని పనిముట్లున్నవాడికి మార్చుకోవడం ఒక పూట పనే.

షాఫ్టులు మాత్రం రెండింటికీ అవే, వాటికి వయసు మీద పడుతోంది. 2021 నవంబరులో టయోటా తన పాత కార్ల విడిభాగాల పథకంలో ఏఈ86ను చేర్చి, ఎప్పుడో ఆపేసిన కొన్ని భాగాలను మళ్ళీ తయారుచేస్తామంది. తొలి జాబితా చిన్నది: స్టీరింగు నకుల్ ఆర్ములు, వెనక బ్రేకు క్యాలిపర్లు, వెనక యాక్సిల్ షాఫ్టులు.